దోసెడు నీళ్ళ ప్రమాణం

ఒక పెద్ద అడవిలో ఇద్దరు రాజులుండేవారు. అడవి మధ్యలో ఒక వాగుంది, వాగుకి రెండు ఒడ్లున్నాయి, అందుకని ఇద్దరు. తూర్పు ఒడ్డుకి సింహం, పడమటి ఒడ్డుకి పులి. ఆ వాగు పేరు నిండువాగు. పేరు గంగానమ్మ, తాగబోతే నీళ్ళు లేవు అన్నట్టు, మన కథ మొదలయ్యేనాటికి అందులో నీళ్ళకంటే గులకరాళ్ళే ఎక్కువ.

ఎందుకలా అయిందో ఆ అడవిలో గుడ్డులోంచి నిన్న బయటికొచ్చిన పిట్టపిల్లకి కూడా తెలుసు. అదంతా కాల్చిన దుంప చేసిన పని.

పూర్వం అక్కడ అందరూ దుంపలు పచ్చివే తినేవారు. సింహంగారి తాతగారి హయాంలో, బాటసారులెవరో ఆర్పకుండా వదిలేసిన నిప్పులో ఒక కోతి దుంప పడేసుకుంది. ఏడుస్తూ బయటికి తీసి, ఊదుకుని, కొరికి చూసింది. అంతే, ఏడుపు ఆగిపోయింది. ఆ కమ్మటి వాసన అడవినంతా పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు.

కోతులు దుంపల బట్టీలు పెట్టాయి. బట్టీలకి ఏనుగులు కట్టెలు నరికి తెచ్చాయి. అడవిపందులు కొండలు కొండలే తవ్విపోశాయి. పచ్చిదుంప తినేవాడంటే మొరటువాడన్న పేరొచ్చింది. చెట్లు తగ్గాయి, పొగ పెరిగింది, ఎండలు ముదిరాయి, వానకి ఈ అడవి దారి గుర్తులేకుండా పోయింది.

రాజులు ఊరుకున్నారా అంటే, పాపం ఊరుకోలేదు. ప్రతి వేసవిలోనూ కొండమీద కలుసుకునేవారు.

"ముందు మీ ఒడ్డు బట్టీలు ఆర్పించండి," అనేది సింహం.

"బాగుందండీ వరస! మీవాళ్ళు తాతలనాటినుంచి కాల్చుకు తిన్నారు. మావాళ్ళకి ఇప్పుడిప్పుడే రుచి తెలిసింది. నోట్లో పెట్టుకోగానే లాక్కుంటారా?" అనేది పులి.

"మీ ఒడ్డున జనం ఎంతమందో చూశారా?"

"మీ ఒడ్డున పొట్టలు ఎంతెంతో చూశారా?"

ఇలా గొంతు నొప్పెట్టేదాకా గుర్రుమనుకుని, ఆపైన కాల్చిన దుంపలతో విందు ఆరగించి, వచ్చే వేసవిలో మళ్ళీ కలవాలని ఏకగ్రీవంగా తీర్మానించుకుని కొండ దిగేవారు. సింహానికీ పులికీ దుంపలేమిటని అడక్కండి. విందన్నాక ఎవరైనా తింటారు.

వాగు పొడుగునా గుంటలన్నీ ఎండిపోగా ఒక్క నేరేడు మడుగు మిగిలింది. గట్టు చుట్టూ ముసలి నేరేడు చెట్లు వంగి, కొమ్మలు నీళ్ళమీద కప్పి ఉండడంవల్ల అక్కడ ఎండ పడేది కాదు. ఆ మడుగులో కుంతలమ్మ అనే కప్ప కాపురముండేది. ఒంటిమీద ఒక్క వెంట్రుకైనా లేనిదానికి ఆ పేరెవరు పెట్టారో నాకు తెలియదు. నోరు మాత్రం పెద్దది, వాడేది కూడా ధారాళంగానే.

ఆ వేసవిలో కుంతలమ్మ పిల్లలు నీళ్ళలో చిన్నచిన్న తోకలాడిస్తూ తిరుగుతున్నాయి. తోక పోయి కాళ్ళు రావాలి. కాళ్ళొచ్చేదాకా నీళ్ళుండాలి. కాళ్ళు రాకముందే మడుగు ఎండితే ఆ పిల్లలకి అదే ఆఖరు. ఆవిడకి లోకంలో ఇంక వేరే దిగుల్లేదు, ఉన్నా పెట్టుకోడానికి మనసులో చోటూ లేదు.

అలాంటి సమయంలో నక్క సుబోధరావు మడుగు దగ్గరికొచ్చాడు. ఎవరికీ ఉద్యోగిగా లేకుండానే అన్ని చోట్లా పనుండే రకం. రాజుల సభల్లో కూడా మూల కూర్చుని విందు తినొచ్చేవాడు.

"కుంతలమ్మక్కా! రాజులవల్ల కాదని తేలిపోయింది. ఇంక మనమే పూనుకోవాలి. రాజులు కానివాళ్ళం! కట్టెల వర్తకులు, బట్టీలవాళ్ళు, మఠాలవాళ్ళు, పిట్టల సంఘాలు, మందల పెద్దలు, అందరం ఒక్కచోట చేరి ఎవరికి తోచింది వాళ్ళం చేద్దాం. దానికి రాజేతర మహాకూటమి అని పేరు కూడా పెట్టేశాను. మొదటి సభ ఎక్కడో తెలుసా? నీ మడుగు గట్టునే!"

కుంతలమ్మకి ప్రాణం లేచొచ్చింది. "నీ నోట్లో చక్కెర పొయ్యా! నాకు పెద్ద కోరికల్లేవు బాబూ. నా పిల్లలకి కాళ్ళొచ్చేదాకా ఈ నీళ్ళూ ఈ నీడా ఉంటే చాలు. ఆ బట్టీలు తొలకరిదాకా ఆర్పించు చాలు."

"అయిపోయిందనుకో," అన్నాడు సుబోధరావు. ఆ మాట ఆయన చాలామందికి చెప్పాడు.

మర్నాడు ఏనుగు భద్రయ్య దొర తన మందతో వచ్చాడు. అడవిలో కట్టెల వర్తకమంతా ఆయనదే. రాగానే తొండమెత్తి నేరేడు కొమ్మలు విరవడం మొదలుపెట్టాడు.

"దొరా! దొరా! అది నా పిల్లల నీడ!" అని కుంతలమ్మ ఎగిరెగిరి అరిచింది.

"పందిరికమ్మా," అన్నాడు భద్రయ్య, మర్యాదగానే.

సుబోధరావు పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, పందిరి లేని శుభకార్యం ఎక్కడైనా ఉందా? ఇంతమంది పెద్దలు ఎండలో కూర్చుంటే ఎండ గురించి ఏం ఆలోచిస్తారు? అయినా ఈ సభ ఎవరికోసం, నీ పిల్లలకోసం కాదూ?"

పొద్దెక్కేసరికి గట్టుమీద పచ్చటి పందిరి లేచింది. ఎండు మద్ది దుంగలు గుంజలు, పైన మందంగా నేరేడు కొమ్మలు. లోపల చల్లగా ఉంది. ప్రతినిధులందరూ "ఆహా, ఏం నీడ!" అన్నారు. పక్కన మడుగుమీద ఎండ ఫెళఫెళా కాస్తోంది.

పందిరి వెనకాల కోతి లంఘన్న వరసగా బట్టీలు తవ్వించాడు. అడవిలో పెద్ద పెద్ద బట్టీలన్నీ ఆయనవే.

"ఇవెందుకన్నా?" అని కుంతలమ్మ అడిగింది.

"సభకొచ్చినవాళ్ళు భోంచెయ్యొద్దా వదినా? బట్టీలు మానేద్దామా వద్దా అని ఖాళీ కడుపుతో ఎలా తేలుస్తారు?"

ప్రతి ప్రతినిధికీ మెడలో ఒక మోదుగాకు కట్టారు. ఆకుంటేనే లోపలికి ప్రవేశం. పక్కనున్న పుట్టలోంచి చెదలు కూడా వచ్చాయి. వాటికీ ఒకాకు ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు చెయ్యి వెనక్కి తీసుకునేలోపు ఆకుని ఈనెలతో సహా తినేశాయి. సభా గౌరవాన్ని భక్షించారని చెప్పి వాటిని బయటికి పంపించేశారు.

ఇంక ప్రమాణాలు మొదలయ్యాయి. ఆ అడవిలో మాట ఇవ్వడానికొక పద్ధతుంది. దోసెడు నీళ్ళు తీసుకుని, నలుగురిలో మాట చెప్పి, ఆ నీళ్ళు నేలమీద ధార పోయాలి. నీళ్ళు పోయని మాట మాట కాదు. పెళ్ళయినా అంతే, పొలిమేర తగాదా అయినా అంతే. వాగు పొంగిపొర్లే రోజుల్లో పెట్టుకున్న ఆచారమది.

మొదట గబ్బిలం లేచింది. లేచిందంటే, వేలాడింది. "వాగు రక్షణ కోసం నేటినుంచి నేను పగటి వెలుతురు వాడను!" అని దోసెడు నీళ్ళు మడుగులోంచి తీసి నేలమీద పోసింది. చప్పట్లు.

కొంగస్వామి కళ్ళు మూసుకునే చెప్పాడు. "మనం వేసే ప్రతి అడుగూ భూమికి భారం. అందుచేత ఈ జన్మకి ఒంటికాలిమీదే నిలబడాలని సంకల్పించాను." ముక్కునిండా నీళ్ళు. సభ చేతులెత్తి మొక్కింది.

దిగువ ఏటినుంచి వచ్చిన మొసలి గొంతు పూడుకుపోయింది. "అన్నలారా, మడుగు నిండేదాకా నేను ఏడుస్తాను!" అన్నాడు. అది ఆయనకి చేతనయిన పనే గనక ఎవరూ అనుమానించలేదు. ఆయన దోసిలి కూడా చిన్నదేమీ కాదు.

లంఘన్న లేచి, "దుంపలు కాల్చేటప్పుడు పొగ చూసి బాధపడతామని బట్టీల సంఘం తరఫున మాటిస్తున్నాను," అన్నాడు. భద్రయ్య దొర అందరికంటే గంభీరంగా, "మా మునిమనవడికి దంతాలు మొలిచేనాటికి కట్టెలు కొట్టడం పూర్తిగా మానేస్తాం," అని తొండంతో నీళ్ళు పీల్చాడు. ఆయనకింకా మనవడే పుట్టలేదు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం అంటారే, అలా ఉంది వ్యవహారం.

కుంతలమ్మ చప్పట్లు వినడం లేదు, మడుగు చూస్తోంది. ఎప్పుడూ మునిగి ఉండే నల్లరాయి వీపు బయటపడింది. తొండం నీళ్ళ తర్వాత నడుం దాకా బయటపడింది. పిల్లలన్నీ ఒక మూలకి చేరి ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి.

ఆవిడ పందిట్లోకి దూకింది. "ఆపండయ్యా! నీళ్ళు కాపాడతామని చెప్పడానికి ఆ నీళ్ళే పారబోస్తారా?"

సభ ఉలిక్కిపడింది. సుబోధరావు నవ్వు మొహంతో అన్నాడు, "ఆచారం కదక్కా! నీళ్ళు పోయకపోతే మాటకి విలువేముంటుంది?"

"పోస్తే నీళ్ళేముంటాయి?"

"చాలా మంచి ప్రశ్న," అన్నాడు సుబోధరావు. మంచి ప్రశ్నలకి జవాబు చెప్పే అలవాటు ఆ సభకి లేదు. "నువ్వు బాధితుల ప్రతినిధివి కదా. భోజనాలయ్యాక నీకు ప్రత్యేకంగా సమయమిచ్చాం. ఒక పిల్లని ఆకుదొన్నెలో పెట్టుకుని తీసుకురా. కాస్త దిగులుగా బెకబెకమను. అందరూ కదిలిపోవాలి."

పాపం, వెళ్ళింది. పిల్లని దొన్నెలో పెట్టుకుని, కడుపులో ఉన్నదంతా చెప్పింది. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. మొసలి ప్రమాణం నిలబెట్టుకున్నాడు. తర్వాత అందరూ బట్టీల దగ్గరికి వెళ్ళి ఇంకోసారి తిన్నారు, ఏడిస్తే ఆకలేస్తుంది గనక.

భోజనాలయ్యాక అసలు గొడవ వచ్చింది. కూటమి తీర్మానంలో ఏమని రాయాలి? దుంపలు కాల్చడం "మానేద్దాం" అనాలని పిట్టలు. "తగ్గిద్దాం" అనాలని పందులు. "తగ్గించే విషయం ఆలోచిద్దాం" అనాలని కోతులు.

సుబోధరావు చేతులెత్తి, "మాట ఏదో రేపు తేల్చుకుందాం. కానీ మాట కుదరగానే అందరం ఒక్కసారిగా, ఒక్క గొంతుతో, ఉమ్మడి ప్రమాణం చేయాలి! భద్రయ్య దొరగారి మంద మొత్తం తొండాలు ముంచుతుంది. చరిత్రలో నిలిచిపోవాలి!" అన్నాడు.

కుంతలమ్మ మడుగువైపు చూసింది. ఏనుగుల మందవైపు చూసింది. ఉమ్మడి ప్రమాణం జరిగితే చరిత్ర నిలుస్తుందేమో గానీ మడుగు నిలవదు. కోపంతో ఆవిడ గొంతుసంచి ఉబ్బింది. ఆ కోపంతోనే పందిరి గుంజల్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. అక్కణ్ణించి తిన్నగా చెదపుట్ట దగ్గరికి గెంతింది.

"కప్ప! మా గుమ్మంలో కప్ప!" పుట్టలో కేకలు. కావలి చెదలు దవడలు విప్పి బారులు తీరాయి. వాటి భయం వాటిది. తొలకరి వాన పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి రెక్కలొచ్చిన చెదపిల్లలు, ఉసిళ్ళు, గుంపులుగా ఎగురుతాయి. కప్పలకి ఏడాదికొక్కసారి వచ్చే పెద్దపండగ భోజనం అదే.

"తినడానికి రాలేదు పుట్టమ్మొదినా," అంది కుంతలమ్మ వినయంగా, లోపలున్న చెదల రాణిని ఉద్దేశించి. "మిమ్మల్ని తినమని అడగడానికొచ్చాను. ఆ పందిరి గుంజలు."

లోపల్నించి పుట్టమ్మ గొంతు వినిపించింది. "ఎందుకు తినాలి? లోకహితమా? అలాంటివి మాకు తెలీవు తల్లీ. మాకు ఆశయాల్లేవు, పళ్ళున్నాయి. ఎండు మద్ది గుంజంటే చేదా? కానీ ఈ ఎండలో పైకెక్కితే మావాళ్ళు మాడిపోతారు. తడిమట్టితో గొట్టం కట్టుకుని, అందులోంచి వెళ్ళాలి. తడెక్కడుంది?"

"మడుగువైపు గుంజల మొదట్లో ఇంకా తడుంది. నాక్కావలసింది కూడా ఆ వైపు గుంజలే. అవి పోతే పందిరి మడుగుమీదికి ఒరుగుతుంది. నీళ్ళకి నీడొస్తుంది, తొండాలకి అడ్డమొస్తుంది."

"తెలివిగానే ఉంది. మరి మాకేమిటి?"

"గుంజలు తింటారుగా!"

"అవి ఇవాళ కాకపోతే రేపు ఎలాగూ తింటాం. నువ్వేమిస్తావు?"

కుంతలమ్మ దగ్గర ఇవ్వగలిగింది ఒక్కటే ఉంది, దాన్ని తలుచుకుంటేనే నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఒకసారి మడుగువైపు తిరిగి పిల్లల్ని చూసుకుంది.

"ఈ తొలకరికి మీ ఉసిళ్ళు ఎగిరిన సాయంత్రం, మా కప్పల్లో ఒక్కరు కూడా నోరు తెరవరు."

కావలి చెదలు తెరిచిన దవడలు మూయడం మరిచిపోయాయి.

"నీళ్ళు పోసి చెప్పు," అంది పుట్టమ్మ చివరికి.

"పోయను. ఉన్నవే ఆ కాసిని నీళ్ళు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు."

పుట్టమ్మ ఆలోచించింది. "పొద్దుటినుంచి నీళ్ళు పోసి చెప్పినవాళ్ళ మాటలు విన్నాం. నీళ్ళు పోయనిదాని మాట ఎలా ఉంటుందో చూద్దాం. ఒరేయ్, పదండర్రా, భోజనానికి!"

మర్నాడు సభ మొదలైంది. మడుగువైపు గుంజలమీద సన్నటి మట్టి గీతలు పాకుతున్నాయి. ఎవరూ పట్టించుకోలేదు. సభలో కింద చూసే అలవాటున్నవాళ్ళు తక్కువ.

కుంతలమ్మకి కొత్త భయం పట్టుకుంది. గుంజలు పూర్తవకముందే వీళ్ళకి మాట కుదిరితే? ఒక దశలో నిజంగానే కుదిరేలా ఉంది. పిట్టలు అలిసిపోయాయి, పందులకి నిద్రొస్తోంది, అందరూ "తగ్గిద్దాం" దగ్గరికి వచ్చేశారు. భద్రయ్య దొర తొండం సర్దుకుంటున్నాడు.

ఆవిడ గట్టిగా దగ్గి లేచింది. "నాదొక చిన్న సందేహం. తగ్గిద్దాం అంటే, క్రమంగా తగ్గిద్దామా, క్రమక్రమంగా తగ్గిద్దామా?"

పందిరంతా లేచి కూర్చుంది. సుబోధరావు కళ్ళలో ఆనందబాష్పాలు తిరిగాయి. బాధితుల ప్రతినిధి ఇంత ఎదుగుతుందని ఆయన ఊహించలేదు.

"క్రమంగానే!" అన్నాయి పిట్టలు.

"అంత తొందరైతే మావల్ల కాదు. క్రమక్రమంగా!" అన్నాడు లంఘన్న.

పొద్దు నడినెత్తికొచ్చింది. ఆ మాట తేలేలా కనిపించగానే కుంతలమ్మ మళ్ళీ లేచి, పచ్చిదుంప అంటే ఎంత పచ్చిదో తీర్మానంలో చెప్పొద్దా అనడిగింది. అంతే, పందులు ఒకదాన్నొకటి కుమ్ముకున్నాయి. ఆవిడ జీవితంలో అంత పని ఎప్పుడూ చేయలేదు. కింద గుంజల్లో పుట్టమ్మ పరివారం పని చేస్తోంది, పైన కుంతలమ్మ పని చేస్తోంది. రెండిట్లోనూ కరకర శబ్దమే.

పొద్దు వాలింది. అలిసిపోయిన సభ చివరికి "క్రమక్రమంగా తగ్గించే విషయం ఆలోచించడానికి మొగ్గు చూపుదాం" అన్న మాటకి ఒప్పుకుంది. జయజయధ్వానాలు. ఉమ్మడి ప్రమాణానికి అందరూ మడుగువైపు కదిలారు. ఏనుగులు తొండాలు చాచాయి.

కుంతలమ్మ ముందే మడుగులోకి దూకి పిల్లల్నన్నిటినీ నల్లరాయి చాటుకి తోసింది. గుంజలు ఇంకా నిలబడే ఉన్నాయి. "అయ్యో, అయిపోయింది," అనుకుంది. కళ్ళు మూసుకుంది.

అప్పుడు కొంగస్వామికి కాలు తిమ్మిరెక్కింది. నిన్నటినుంచి ఒంటికాలిమీదున్నాడు, ఎంత స్వామి అయినా కాలు కాలే కదా. ఆసరాకి పక్కనున్న గుంజకి ఆనుకున్నాడు. పైకి గుంజలా ఉంది గానీ లోపలంతా మట్టే. అది గుల్లగా విరిగింది, పక్కది దానిమీద పడింది, పందిరి మొత్తం ఒక పెద్ద మూలుగు మూలిగి, నేరేడు కొమ్మలతో సహా మడుగుమీదికి ఒరిగిపోయింది.

"భూకంపం!" అని అరిచాడు భద్రయ్య దొర. మందంతా వెనక్కి తిరిగి పరిగెత్తింది. వెనకాలే బట్టీలున్నాయి. ఏనుగు పాదాలకింద బట్టీలు అణిగి, నిప్పులమీద మట్టి కప్పుకుని, ఒక్కొక్కటే ఆరిపోయాయి. కొంగస్వామి రెండు కాళ్ళమీదా పరిగెత్తగా చూసినవాళ్ళున్నారు. మొసలి మొదటిసారి నిజంగా ఏడ్చాడు, తోకమీద గుంజ పడింది.

దుమ్ము తగ్గాక చూస్తే మడుగుమీద కొమ్మలు కప్పుకుని ఉన్నాయి. కింద నీడ, చల్లదనం. ఎంత పొడుగు తొండమైనా దూరే సందు లేదు. రాయి చాటునుంచి తోకలు ఒక్కొక్కటే బయటికొచ్చి ఆడాయి. కుంతలమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కప్ప గొంతులో రెండూ ఒకటే శబ్దం గనక ఏదో ఎవరికీ తెలియలేదు.

మీరడగొచ్చు, మర్నాడు వచ్చి ఆ పందిరి తీసి పారెయ్యలేదా అని. తీసేవారే. కానీ ఎవరు తీయాలి? తూర్పువాళ్ళ గుంజలని పడమటివాళ్ళు, పడమటి గట్టని తూర్పువాళ్ళు. పందిరి తొలగింపుకి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం కూర్చోవడానికి పందిరి కావాలంది. భద్రయ్య దొర భూకంపం భయంతో కొండెక్కి, తొలకరిదాకా దిగనన్నాడు. ఆయన దిగకపోతే కట్టెల్లేవు, కట్టెల్లేకపోతే బట్టీల్లేవు. లంఘన్న అంతటివాడు పచ్చిదుంప కొరుకుతూ కనిపించాడు. అడిగితే వైద్యుడు తినమన్నాడని చెప్పాడు.

ఆ వేసవి అలా గడిచింది. ఆకాశంలో పొగ పలచబడింది. మడుగులో పిల్లలకి ముందు వెనక కాళ్ళొచ్చాయి, తర్వాత ముందు కాళ్ళొచ్చాయి, ఆపైన తల్లి నోరొచ్చింది. ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి తొలకరి దంచికొట్టింది. నిండువాగు చాలా ఏళ్ళ తర్వాత తన పేరు గుర్తుచేసుకుంది.

వాన వెలిసిన సాయంత్రం సుబోధరావు మడుగు గట్టున విజయోత్సవ సభ పెట్టాడు. ఈసారి రాజులిద్దరూ కూడా వచ్చారు. పని అయ్యాక రాజులు ఎప్పుడూ ఆలస్యం చేయరు.

సుబోధరావు గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా! నీటికి నీడ కల్పించాలని కూటమి ముందుచూపుతో సంకల్పించి, పందిరిని క్రమక్రమంగా మడుగుమీదికి ఒరిగించింది. బట్టీలవారు స్వచ్ఛందంగా నిప్పు ఆర్పారు. దొరగారు త్యాగబుద్ధితో కొండెక్కారు. రాజుల ఆశీస్సులు సరేసరి!"

అదే సమయానికి పక్కనున్న పుట్ట పగిలింది. రెక్కలు తళతళలాడిస్తూ ఉసిళ్ళు గుంపులు గుంపులుగా పైకి లేచాయి. గట్టుపొడుగునా కప్పలు వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్క నోరు తెరుచుకోలేదు. ఉసిళ్ళు వాటి తలలమీద వాలాయి, ముక్కులమీద నడిచాయి, ఒకటి వచ్చి కుంతలమ్మ పెదవిమీదే కూర్చుని రెక్కలు విదిల్చింది. ఆవిడ కళ్ళు బయటికొచ్చాయి, గొంతుసంచి ఎగిరెగిరి పడింది, నోరు మాత్రం బిగించే ఉంది. కొత్తగా కాళ్ళొచ్చిన పిల్ల ఒకటి నోరు తెరవబోతే తల్లి కాలితో మూసింది.

"నేను చెప్పినదానిమీద ఎవరికైనా అభ్యంతరముందా?" అన్నాడు సుబోధరావు. "ముఖ్యంగా బాధితుల ప్రతినిధి కుంతలమ్మగారికి?"

అందరూ కుంతలమ్మవైపు చూశారు. ఆవిడ దగ్గర చెప్పడానికి ఒక వేసవికి సరిపడా ఉంది. గుంజల సంగతుంది, పుట్టమ్మ సంగతుంది, ధార పోసిన నీళ్ళ సంగతుంది. పెదవిమీద ఉసిళ్ళపురుగుంది.

"మౌనం అర్ధాంగీకారం!" అని సుబోధరావు ప్రకటించాడు. "ఏకగ్రీవం!"

సింహం ఆయనకి జలరక్షక అని బిరుదిచ్చింది. పులి, తను వెనకబడకూడదని, మహాజలరక్షక అని ఇంకోటిచ్చింది. వచ్చే వేసవినుంచి రెండు ఒడ్లమీదా ప్రతి గుంటకీ ఒక పందిరి కట్టి శాస్త్రోక్తంగా కూల్చాలని ఇద్దరూ మొదటిసారి ఒక మాటమీదికి వచ్చారు. చప్పట్లు కొట్టుకుంటూ అందరూ వెళ్ళిపోయారు.

చీకటి పడేవేళకి ఆఖరి ఉసిళ్ళపురుగు ఎగిరిపోయింది. కుంతలమ్మ నోరు తెరిచి, అప్పటిదాకా ఆపుకున్నదంతా ఒక్క ఊపులో వెళ్ళగక్కింది. నక్కనీ, ఏనుగునీ, కొంగనీ, రాజుల్నీ, ఎవర్నీ వదల్లేదు. వినడానికి గట్టుమీద ఎవరూ లేరు, పుట్టలోంచి పుట్టమ్మ తప్ప.

"మాట నిలబెట్టుకున్నావొదినా," అంది పుట్టమ్మ మెల్లిగా. "నేనెవరికీ చెప్పనులే. ఈ అడవిలో తెలిస్తే నీ పరువు పోతుంది."

నీతి: మాట నిలబెట్టుకోవాలంటే నోరు మూసుకోవాలి, పేరు తెచ్చుకోవాలంటే తెరవాలి.